రొట్టెల వరసలో పుట్టిన జనరల్

రామాంజులన్న ఏడడుగుల మనిషి. నేనీ మాట ఎక్కడ చెప్పినా, ఆయన్ని చూసినవాళ్లెవరో ఒకరు అక్కడే ఉండి అయిదున్నర అడుగులని సరిచేస్తారు. సరే, అయిదున్నరే. కానీ కారు తలుపు మూసి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడంటే మిగతా అడుగున్నర ఎక్కడినుంచో వచ్చి కలిసేది.

తనది పాలెగాళ్ల వంశమని చెప్పుకునేవాడు. రాయచోటి దాటి ఇంకా లోపలికి పోతే వాళ్ల పల్లె, పల్లె వెనక కొండ, కొండ మీద వాళ్ల ముత్తాతల కోట. ఆ కోటలో నలభై గుర్రాలు ఉండేవని మొదట్లో చెప్పేవాడు. అది నేను అక్కడా ఇక్కడా చెప్పేటప్పుడు నాలుగు వందలైంది. రెండేళ్లు తిరిగేసరికి ఆయన కూడా నాలుగు వందలనే చెప్పడం మొదలుపెట్టాడు. నాకు తెలిసినంతవరకు ఆ కోట గోడల మధ్య ఆయన తండ్రి మేకలు మేపుకునేవాడు. ఈయన వేరుశనక్కాయల లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవరై, డెబ్భై ఆరులో కువైట్‌కు వచ్చాడు. జహ్రాలో అబూ నాసిర్ ఇంట్లో స్టీరింగు పట్టుకున్నవాడు ఇక వదల్లేదు.

ఎనభై ఆరులో అదే ఇంటికి నేను వంటకు వచ్చాను. నా పేరు వెంకటేశ్వరి, నాలుగో తరగతి సగం చదివాను. సగమే ఎందుకంటే, మా అయ్యవారు ఊరి సర్పంచిని తిట్టాడని నేనొక మాట పుట్టించాను. అది ఊరంతా తిరిగి సర్పంచి దగ్గరికి, సర్పంచి అయ్యవారి దగ్గరికి, అయ్యవారు బెత్తంతో నా దగ్గరికి వచ్చారు. ఆ రోజుతో బడి నన్ను వదిలేసింది. ఆ గుణం మాత్రం వదల్లేదు.

అబూ నాసిర్‌ని మేము బాబా అని, ఆయన భార్యను మామా అని, ఆయన తల్లిని పెద్దమామా అని పిలిచేవాళ్లం. పెద్దమామాకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు, శనివారం, మంగళవారం, ఆసుపత్రికి తీసుకుపోయి మిషను మీద రక్తం కడిగించాలి. రామాంజులన్నకు ఆ ఇంట్లో అసలు పని అదే. తెల్ల కారు, వెనక సీట్లో దిండు, దిండుకు ఆనుకుని పెద్దమామా.

ఆ కారు నంబరు గురించి చెప్పాలి. అక్కడ వాళ్లు కారు మారుస్తారు గానీ నంబరు మార్చరు. చిన్న నంబరు ఉంటే పాత ఇల్లని, పరువు గల ఇల్లని లెక్క. మా కారుది మూడంకెల నంబరు. బాబా తండ్రి తన మొదటి కారుకు తీసుకున్నది. ఆయన పోయినా నంబరు మాత్రం కారు నుంచి కారుకు మారుతూ వచ్చింది. రామాంజులన్న రోజూ పొద్దున కారంతా గుడ్డతో తుడిచేవాడు, నంబరు ప్లేటును మాత్రం తన భుజం మీది తువాలుతో తుడిచేవాడు.

తొంభైలో ఆగస్టు రెండో తేదీన ఇరాక్ సైన్యం దిగింది. ఉత్తరం నుంచి వచ్చే దారి జహ్రా మీదుగానే ఉంది. పదివేల ట్యాంకులు పోయాయి, నేను లెక్కపెట్టాను. మంచం కింద పడుకుని చెవులతో లెక్కపెట్టాను కాబట్టి కొంచెం తేడా ఉండొచ్చు.

మామా, పిల్లలు అప్పటికే ఎండలకని చల్లటి దేశం పోయి ఉన్నారు. మూడో వారంలో బాబా కూడా ఎడారి దారిన సౌదీకి బయలుదేరాడు. పెద్దమామా రానంది. ఎడారిలో మిషను ఎక్కడ దొరుకుతుంది? బాబా రామాంజులన్నను పిలిచి తాళాల గుత్తి చేతిలో పెట్టాడు.

"అమ్మ, ఇల్లు, నాన్న నంబరు. ఈ మూడూ నీకు అప్పగిస్తున్నా. ఆ నంబరు వాళ్ల చేతికి పోకూడదు," అన్నాడు.

రామాంజులన్న చెయ్యి గుండె మీద పెట్టుకుని, తన తల మీద పెట్టుకుని కాపాడతానని అరబీలో మాటిచ్చాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి తాళాలు నా ముందు గలగలలాడించాడు.

"చూసినావా మే. కోట అప్పజెప్పి పోయినాడు."

"నాలుగు బెడ్రూములన్నా. కోటేం కాదు."

"నీకేం తెలుసు మే కోటల సంగతి."

సెప్టెంబరులో మనవాళ్లు బస్సులెక్కి బాగ్దాదు మీదుగా అమ్మాన్ చేరి, అక్కడినుంచి విమానంలో బొంబాయి పోయారు. నువ్వెందుకు పోలేదని నన్ను ఇప్పటికీ అడుగుతారు. పెద్దమామాను వదిలిరాలేకపోయానని చెబుతాను. చెప్పేటప్పుడు నా కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. నిజానికి నేను బస్సు దాకా పోయాను. నాతోపాటు ఒక కార్టన్ కూడా వచ్చింది. అందులో టేపురికార్డరు, మిక్సీ, రెండు రగ్గులు, నాలుగేళ్లు పోగేసిన సెంటు సీసాలు. మనిషికి ఒక్క చేతిసంచే అన్నాడు బస్సులో ఎక్కించే గంగరాజు. నేను కార్టన్ మీద కూర్చుని వాదించాను. నా వాదన చాలా బాగుందని గంగరాజు కూడా ఒప్పుకున్నాడు. ఈలోపు బస్సు పోయింది.

కార్టన్ తోసుకుంటూ ఇంటికొచ్చి, "నిన్ను వదిలి పోలేను మామా," అని పెద్దమామా కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె నా తల నిమిరింది. ఆ కాస్త సిగ్గు మాత్రం నాకు మిగిలింది.

తర్వాత వీధుల పేర్ల బోర్డులు, ఇళ్ల నంబర్లు జనమే పీకేశారు, వచ్చిన సైన్యానికి ఎవరిల్లు ఏదో తెలియకూడదని. సైన్యం సంగతేమో గానీ, నేను రెండుసార్లు పక్కింట్లోకి పోయి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను. పక్కింటి అబూ మిషారీ నన్ను చూసి భయపడ్డాడు, నేను ఆయన్ని చూసి మా ఇంట్లో దొంగ పడ్డాడని అరిచాను.

నవంబరులో కొత్త ఆర్డరు వచ్చింది. పాత కువైట్ ప్లేట్లు అప్పజెప్పి ఇరాక్ ప్లేట్లు తగిలించుకోవాలి, లేకపోతే బంకులో చుక్క పెట్రోలు పొయ్యరు. రామాంజులన్న నవ్వాడు. యజమానులు వదిలిపోయిన బళ్లు వీధిలో ఉన్నాయి, అందులోంచి గొట్టం పెట్టి నోటితో లాగేవాడు. పెదవులు పొక్కిపోయాయి, తిన్నది ఏదీ రుచి తెలిసేది కాదు. నా వంటకు ఆ రోజుల్లో ఆయన ఏ వంకా పెట్టలేదు. అట్లా రెండు వారాలు గడిచింది. ఆ తర్వాత వీధిలో లాగడానికి బళ్లలో ఏమీ మిగల్లేదు.

ఒక శనివారం మిషను తప్పిపోయింది. సోమవారానికి పెద్దమామా కాళ్లు దిండ్లలా ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక, కూర్చునే నిద్రపోయేది. అయినా ఆమె మాట ఒక్కటే, "నంబరు ఇవ్వొద్దు. అది మా ఆయనది."

మంగళవారం పొద్దున రామాంజులన్న స్పానరు పట్టుకుని కారు బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను టీ తీసుకుపోయాను.

"ఏమన్నా, నంబరు ముందర పూజ చేస్తాండావా?"

"పోయి ఆమె కాళ్లు చూసి రాపో."

"చూసినా. వేలు పెడితే గుంట పడతాంది."

"మా పాలెగాళ్లు మాటిస్తే తల తీసిచ్చినారు గానీ మాట తప్పలేదు మే."

"నువ్వు తల తీసిస్తే బండెవురు నడిపేది? నేనా?"

నేను ఒకసారి కారు నడిపిన రోజు ఆయనకు గుర్తొచ్చినట్టుంది. స్పానరు తిప్పడం మొదలుపెట్టాడు. ప్లేటు ఊడి చేతికొచ్చాక దాన్ని తువాలులో చుట్టి, ఇరాక్ వాళ్ల ఆఫీసు ముందు వరసలో తానే నిలబడి, తన చేత్తో ఇచ్చి, తెలుగులో సంతకం పెట్టి, కొత్తది తగిలించుకుని వచ్చాడు. ఆ మధ్యాహ్నమే పెద్దమామా మిషను మీద ఉంది. ఆమె ప్లేటును చూసింది. మూడుసార్లు ఆసుపత్రికి పోయి వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. నాలుగోసారి నీళ్లడిగింది.

ఇక్కడిదాకా ఆయన చేసింది. ఇక నేను చేసింది.

రొట్టెలకు జమియా దగ్గర వరస కట్టాలి. జమియా అంటే ప్రతి పేటలో ఉండే సహకార దుకాణం. ఆ వరస జహ్రా నుంచి బస్రా దాకా ఉండేది, అంటే మసీదు మూల దాకా. తెల్లారి పోతే మధ్యాహ్నానికి అయిదు ఖుబ్బూస్ రొట్టెలు దొరికేవి. కారుకు కొత్త నంబరు పడ్డాక నన్ను చూస్తే వరసలో ఆడవాళ్లు మొహం తిప్పుకునేవారు. ఒకామె అనేసింది కూడా, "మీకు వరస ఎందుకు, మీ కొత్త చుట్టాలు రొట్టెలు ఇంటికి పంపరా?" అని. నాకు రోషం వచ్చింది. రోషం వస్తే మనిషి ఏడ్వాలి, లేకపోతే పోట్లాడాలి. నేను కోతలు కోస్తాను.

మా వీధి మూల మీద ఒక ఇరాక్ సిపాయి కాపలా ఉండేవాడు. యాభై ఏళ్లవాడు, పొలం పనుల్లోంచి పట్టుకొచ్చినట్టున్నారు. పన్నునొప్పితో దవడ ఉబ్బి ఏడుస్తుంటే రామాంజులన్న రెండు లవంగాలిచ్చాడు. ఉన్న సంగతి అంతే. వరసలో నా వెనక బుడేన్‌బీ ఉంది. ఆమె మా రాయచోటి మనిషే, రెండు వీధుల అవతల ఒక ఇంట్లో పనిచేసేది.

"మీ రామాంజులు ఆ సిపాయికి లవంగాలిచ్చినాడంట గదా?"

"సిపాయేందే? కెప్టెను."

"కెప్టెనుకు పన్నునొప్పి వస్తాదా?"

"ఏం, కెప్టెనుకు పండ్లుండవా? దినామూ మా ఇంటికొచ్చి టీ తాగి పోతాండాడు."

నా ముందున్న ఆడమనిషికి తెలుగు రాదు. కెప్టెను అన్న ముక్క ఆమెకు అర్థమైంది. మెల్లగా పక్కకు జరిగింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు జరిగారు. ఆ రోజు పది మందిని దాటి రొట్టెలు తెచ్చుకున్నాను.

మరుసటి వారానికి కెప్టెన్ పాతబడ్డాడు, ఎవరూ జరగలేదు. మేజర్ని చేశాను. జరిగారు. డిసెంబరు నడిమధ్యకు కల్నలయ్యాడు. నెల ఆఖరుకు బ్రిగేడియర్. నేను బుడేన్‌బీకి తెలుగులో చెబితే, ఆమె ఉర్దూలో చెప్పేది, దాన్ని పక్కింటి ఫిలిప్పీను పిల్ల ఇంగ్లీషులోకి, అక్కడినుంచి ఎవరో అరబీలోకి మార్చేవాళ్లు. చేతులు మారేకొద్దీ దానికి మీసాలు, పతకాలు మొలిచేవి. జనవరి మొదటి వారంలో నా మనిషి జనరలయ్యాడు. ఇక నాకు వరసే లేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయేదాన్ని. నాలుగో తరగతి సగం చదివి ఒక సైన్యంలో అన్ని ప్రమోషన్లు ఇచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రామాంజులన్నకు ఇదేమీ తెలియదు. వీధిలో జనం తనను చూసి లేచి నిలబడుతుంటే ఆయన వేరేగా అర్థం చేసుకున్నాడు.

"చూసినావా మే, రక్తంలో ఉండేది మొగంలో కనపడతాది. వాళ్లకెవురూ చెప్పలా, వాళ్లే లేస్తాండారు."

"అవునన్నా, పాలెగాడి కళ," అన్నాను, రొట్టెలు పొయ్యి మీద వెచ్చచేస్తూ.

జనవరి మధ్యలో బాంబులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో కరెంటు పోయింది, మిషను ఆగింది. పెద్దమామా ఎనిమిది రోజులు బతికింది. ఇందులో నేను కలిపిందేమీ లేదు. రామాంజులన్న ఆ కారులోనే ఆమెను శ్మశానానికి తీసుకుపోయాడు. మసీదు పెద్దాయన ఒకరు వెంట వచ్చి ప్రార్థన చదివాడు. దారిన పోయే నలుగురిని పిలిచి మోయించారు. మట్టి తవ్వింది రామాంజులన్న. పేరు రాసిన రాయి లేదు, ఏదీ లేదు. ఆ మసీదు పెద్దాయన కూడా ఫిబ్రవరిలో పోయాడు. ఆడవాళ్లు శ్మశానానికి పోరు కాబట్టి ఆ చోటు నాకూ తెలియదు.

ఫిబ్రవరి ఆఖరులో ఇరాక్ సైన్యం పారిపోయింది. నూనెబావుల పొగతో పగలే ఆకాశం నల్లగా ఉంది, జనం మాత్రం వీధుల్లో పండగ చేసుకుంటున్నారు. రామాంజులన్న ఆ పొద్దున్నే ఇరాక్ ప్లేటు పీకి అవతల పారేశాడు. కారు ముందు, వెనక బోల్టుల రంధ్రాలు మిగిలాయి.

రెండు వారాలు పోయాక తుపాకులతో ముగ్గురు కువైట్ వాళ్లు వచ్చారు. ఆక్రమణదార్లతో కలిసి తిరిగినవాళ్లెవరా అని ఇల్లిల్లూ వెతుకుతున్నారు. వీధిలో ఎవరినడిగినా ఒక్క పేరే చెప్పారట. జనరల్ స్నేహితుడు, అబూ నాసిర్ గారి ఇండియా డ్రైవరు.

"ఏ జనరల్?" అన్నాడు రామాంజులన్న.

"అది నువ్వే చెప్పాలి," అని తీసుకుపోయారు.

నేను వంటింటి తలుపు వెనకే ఉన్నాను. నా కాళ్లు వణకలేదు. ఎందుకంటే అప్పటికే కింద కూలబడ్డాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఏడాదంతా ఆగని నోరు ఆ నిమిషం మూతపడింది.

బుడేన్‌బీ వచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆఖరి మాట మాత్రం రాస్తాను.

"ఆ జనరల్ని కన్నది నువ్వే గదే. పోయి నువ్వే చంపి రా."

పోయాను. ఆయన్ని ఉంచిన చోట కాపలా మనిషికి, జనరల్ లేడని, నేనే చెప్పానని, అబద్ధమని చెప్పాను. అతను కాగితాలు తిప్పాడు.

"పద్నాలుగు మంది ఉన్నాడన్నారు. నువ్వొక్కదానివి లేడంటున్నావు. అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?"

"అప్పుడు."

"నువ్వు అబద్ధాలు చెబుతావని నువ్వే ఒప్పుకుంటున్నావు గదా. ఇక ఈ మాట ఎట్లా నమ్మాలి?"

ఇంటికొచ్చేశాను.

ఏప్రిల్ మొదట్లో బాబా తిరిగొచ్చాడు. గేటు దగ్గరే నన్ను తల్లి గురించి అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన గేటు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఎక్కడ పెట్టారు?"

"రామాంజులుకే తెలుసు బాబా."

"రామాంజులు ఎక్కడ?"

దానికి జవాబు వీధి చెప్పింది. పరామర్శకు మగవాళ్లంతా దివానియాలో కూడారు. ఇంటి ముందు భాగంలో మగవాళ్లు కూర్చునే పెద్ద గది అది. ఆడవాళ్లు, అందులోనూ పనివాళ్లు, అందులో అడుగు పెట్టరు. నేను కాఫీ కాచి గుమ్మం దాకా తెస్తే బాబా తమ్ముడు అందుకుని చిన్న చిన్న కప్పుల్లో పోసేవాడు. రెండో రోజు సాయంత్రం గుమ్మం ఇవతల నిలబడి ఉండగా అబూ మిషారీ గొంతు వినిపించింది.

"చెప్పక తప్పదు అబూ నాసిర్. నీ డ్రైవరు జనరల్ పక్కన కూర్చుని టీ తాగాడు. మీ నాన్న నంబరు తీసుకుపోయి వాళ్లకిచ్చాడు."

కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"నంబరు ఇచ్చింది నిజమేనా?" అన్నాడు బాబా.

"ఆ ప్లేటుతో పోతుంటే నేను కళ్లారా చూశాను."

"అయితే అతను నా మనిషి కాదు. పొద్దున పోయి ఆ ముక్క రాసిచ్చి వస్తా. ఖలాస్."

కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, నా మనిషి కాదని రాసిచ్చాక ఆ మనిషికి ఇక దిక్కు లేదు. ఆ రోజుల్లో అయితే అసలే లేదు. బాబా తమ్ముడు కాఫీ కోసం చెయ్యి చాపాడు. నేను పాత్ర ఇవ్వలేదు. పాత్రతో సహా లోపలికి నడిచాను.

ఇరవై మంది మగవాళ్లు తలెత్తారు. బాబా కళ్లు చూసి వెనక్కి పరిగెత్తుదామనుకున్నాను. కానీ వెనక్కి తిరిగితే కాఫీ ఒలుకుతుంది. నాకొచ్చిన వంటింటి అరబీలో చెప్పేశాను.

"జనరల్ లేడు బాబా. జనరల్ని నేను చేశాను. రొట్టెల కోసం."

"ఇదేం మాట?" అన్నాడు అబూ మిషారీ. "మా ఆవిడ స్వయంగా చెప్పింది."

"ఆమెకు చెప్పిందెవరు?"

"మా ఫిలిప్పీను పనిమనిషి."

"ఆమెకు చెప్పింది బుడేన్‌బీ. బుడేన్‌బీకి చెప్పింది నేను."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మూల కూర్చున్న గోరింటాకు గడ్డం ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేను విన్నది జనరల్ కాదే. మేజర్."

"మేజరేమిటి, కల్నల్," అన్నాడు పక్కాయన. "డిసెంబరు మధ్యలో విన్నా."

"నేను విన్నది అంతకుముందు. డిసెంబరు మొదట్లో."

"మా ఇంట్లో కెప్టెన్ అన్నారు. నవంబరు ఆఖరులో."

వాళ్లలో సైన్యంలో పనిచేసి రిటైరైన ముసలాయన ఒకడున్నాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కెప్టెన్, మేజర్, కల్నల్, బ్రిగేడియర్, జనరల్. ఎవరు ఏ వారం విన్నారో ఒక్కొక్కరినే అడిగాడు. ఎక్కడా ఒక్క మెట్టు తప్పలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

"నేను ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేసి మేజర్ దగ్గర ఆగిపోయాను. ఇతనికి ఆరు వారాల్లో అన్నీ వచ్చాయి. ప్రమోషన్లు ఇచ్చిందెవరు?"

నేను చెయ్యి ఎత్తాను.

"ఏ ఆధారం మీద?"

"వరసలో జనం జరగడం మానేసినప్పుడల్లా ఇచ్చాను. ఒక ప్రమోషన్‌కు పదిమంది జరిగేవాళ్లు."

గోరింటాకు గడ్డం ఆయనకు కాఫీ పొరబోయింది. పక్కాయన ఆయన వీపు తడుతూ తానే నవ్వేశాడు. పరామర్శకు వచ్చిన చోట నవ్వకూడదని ఒకరినొకరు గిల్లుకుంటూ, రుమాళ్లు మొహాలకు అడ్డం పెట్టుకుని ఇరవై మందీ నవ్వారు. నన్ను చూసి అంతమంది ఒకేసారి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఆగకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

బాబా నవ్వలేదు.

"నంబరు సంగతి చెప్పు."

చెప్పాను. గొట్టంతో పెట్రోలు లాగడం, తప్పిన శనివారం, ఉబ్బిన కాళ్లు, మంగళవారం స్పానరు. ఆ కొత్త నంబరుతో అమ్మను ఎన్నిసార్లు ఆసుపత్రికి తీసుకుపోయాడని అడిగాడు. వంద అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పదిహేడు సార్లు బాబా. అంతకు మించి లేదు."

"లోపలికి పో," అన్నాడు.

కాఫీ పాత్ర అక్కడే పెట్టి వచ్చాను. ఆ రాత్రి, తెల్లారితే నన్ను ఏ విమానం ఎక్కిస్తారో ఆలోచించుకుంటూ కార్టన్ కట్టేశాను.

పొద్దున్నే బాబా పోయాడు, ఆ ముసలి మేజర్ని వెంటబెట్టుకుని. మధ్యాహ్నానికి రామాంజులన్నతో తిరిగొచ్చాడు. రామాంజులన్న గడ్డం నెరిసి ఉంది, పాదాలు వాచి చెప్పుల్లో పట్టడంలేదు. గేటు దగ్గర ఆగి బాబా ఎదుట నిలబడ్డాడు. ఇక నోరు మూసుకుంటే చాలు, గండం గట్టెక్కినట్టే. నేను కళ్లతో సైగ కూడా చేశాను. ఆయన వినే రకమా?

"జనరల్ సంగతి అబద్ధం బాబా. నంబరు సంగతి నిజం. నేనే విప్పాను, నేనే ఇచ్చాను. పెద్దమామా వద్దంది, అయినా ఇచ్చాను."

బాబా కారు దగ్గరికి పోయి ముందు బంపరు మీద, ఖాళీగా ఉన్న చోట చెయ్యి పెట్టి చూశాడు.

"బండి తియ్యి," అన్నాడు. "అమ్మ దగ్గరికి పోదాం."

పద్నాలుగేళ్లలో బాబా ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవాడు. ఆ రోజు ముందు తలుపు తెరుచుకుని రామాంజులన్న పక్కన కూర్చున్నాడు.

శ్మశానంలో ఏం జరిగిందో నేను చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. బాబా ఆయన్ని కౌగిలించుకున్నాడని ఖైతాన్‌లో చెప్పాను, ఇద్దరూ మట్టిలో పొర్లి ఏడ్చారని అర్దియాలో చెప్పాను. ఆ సమయంలో నేను దివానియా కప్పులు కడుగుతున్నాను.

సాయంత్రం రామాంజులన్న వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కార్టన్ విప్పి సామాన్లు మళ్లీ సర్దుతున్న నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. నేను టీలో మూడు చెంచాల చక్కెర వేసి ఇచ్చాను. చాలా నెలలకు ఇంట్లోకి చక్కెర వచ్చింది.

"కూచోన్నా," అన్నాను.

"నిలబడేది అలవాటయింది మే."

సగం గ్లాసు తాగాడు. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని నేను నేల చూస్తున్నాను.

"ఆ జనరల్ పేరేంది?"

"యా జనరల్?"

"నీ జనరలే."

"పేరేం పెట్టలేదన్నా. జనరల్ అంటే సరిపోయేది."

"పందొమ్మిది దినాలు నన్ను అదొక్కటే అడిగినారు మే. పేరు చెప్పు, కూచోనిస్తామని."

ఆయన మిగతా టీ తాగి గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"ఇంత చేసినదానివి, ఒక పేరు గూడా పెట్టింటే ఏం పోయిండె? చెప్పేసి కూచునేవాణ్ని గదా," అని పీట లాక్కుని కూర్చున్నాడు.